మ్యాడ్ రివర్ గ్లెన్, వెర్మాంట్: స్కీయర్లే ఓనర్లయిన కొండ మీద నా రివ్యూ

ముందు రేటింగ్ పడేస్తాను, టైం లేనివాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. స్కీయింగ్‌కి 5కి 5. సౌకర్యాలకి రెండున్నర. జీవితంలో మొదటిసారి స్కీలు కట్టుకునేవాళ్లకి ఒకటిన్నర, అది కూడా కింద ఉన్న చిన్న వాలు పుణ్యమా అని. ఇక ఆ కొండని నడిపే పద్ధతికి ఎంత ఇవ్వాలో ఒక్క అంకెలో తేలదు, ఈ రివ్యూ ఇంత పొడుగు కావడానికి కారణం అదే. రెస్టారెంట్‌కి వెళ్తే ఓనర్ ఎవరని మనం అడగం, బిర్యానీ బాగుందా లేదా అంతే. ఇక్కడ మాత్రం మీకు నచ్చే ప్రతి విషయం, చిరాకు పుట్టించే ప్రతి విషయం నేరుగా ఓనర్ ఎవరన్న దగ్గరికే వెళ్లి ఆగుతుంది, కాబట్టి ఆ సంగతి వదిలేసి రివ్యూ రాస్తే సగమే రాసినట్టు.

స్కీ ఏరియా గురించి బొత్తిగా తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మంచు పడే కొండ ఒకటి, పైకి మోసుకెళ్లడానికి కేబుల్‌కి వేలాడే కుర్చీలు, కిందికి జారడానికి చెట్ల మధ్య కొట్టిన దారులు. వీటినే ట్రెయిల్స్ అంటారు. బోస్టన్, న్యూజెర్సీ వైపు ఉండే మనవాళ్లలో చాలామంది చలికాలం లాంగ్ వీకెండ్‌కి పిల్లల్ని తీసుకుని ఏదో ఒక పెద్ద రిసార్ట్‌కి వెళ్తారు, అక్కడ హోటల్, స్విమ్మింగ్ పూల్, గొండోలా (నాలుగువైపులా మూసిన కేబుల్ కారు), పిజ్జా అన్నీ ఒక్కచోటే ఉంటాయి. మ్యాడ్ రివర్ గ్లెన్‌లో అవేమీ లేవు. వెర్మాంట్ రాష్ట్రంలో ఫేస్టన్ అనే చిన్న ఊళ్లో, జనరల్ స్టార్క్ మౌంటెన్ మీద 1948లో మొదలైన కొండ ఇది. శిఖరం ఎత్తు 3,637 అడుగులు, పైనుంచి కిందికి దిగే నిలువు 2,037 అడుగులు, తూర్పు తీరంలో ఇది చిన్న లెక్కేమీ కాదు. వీళ్ల స్టిక్కర్ మీరు ఏదో ఒక కారు వెనక చూసే ఉంటారు, 'స్కీ ఇట్ ఇఫ్ యు కెన్' అని, అంటే చేతనైతే రా చూద్దాం అని. మార్కెటింగ్ డైలాగ్ అనుకుని వెళ్లినవాళ్లకి పై నుంచి మొదటి మలుపు తిరిగేసరికి అర్థమవుతుంది.

అసలు ఆకర్షణ సింగిల్ ఛెయిర్. పేరులోనే ఉంది, ఒక కుర్చీలో ఒక్కరే. అమెరికాలో అలస్కాని పక్కన పెడితే ఇలాంటిది ఇక ఇదొక్కటే నడుస్తోంది (అలస్కాలో కార్డోవా ఊళ్లో ఇంకోటి ఉంది). మిగతా కొండల మీద నలుగురు, ఆరుగురు కూర్చునే కుర్చీలు, గాలి తగలకుండా బుడగలాంటి మూతలు, కొన్నిచోట్ల వెచ్చటి సీట్లు కూడా వచ్చేశాయి. ఇక్కడ పది నిమిషాల పైన ఒక్కరే, గడ్డకట్టే గాలిలో, మాట్లాడటానికి పక్కన మనిషి లేకుండా. ఫోన్ తీద్దామంటే గ్లవ్ తీయాలి, గ్లవ్ జారిందో అది వసంతం దాకా అక్కడే. మొదట నాకూ విసుగే అనిపించింది, తర్వాత అదే బాగా నచ్చింది, ఎందుకంటే మామూలుగా మా ఇంట్లో పది నిమిషాలు ఎవరూ నన్ను ఏమీ అడగకుండా ఉండటం జరిగే పని కాదు. కింద చ్యూట్ అనే ట్రెయిల్ సరిగ్గా కుర్చీల కిందే పోతుంది. అందులో మీరు పడ్డారంటే పైన వరసగా వెళ్తున్నవాళ్లందరూ చూస్తారు, కేకలు వేస్తారు, బాగా దిగితే మెచ్చుకుంటారు కూడా. సిగ్గు ఎక్కువ ఉన్నవాళ్లు వేరే దారి పట్టండి.

ఈ లిఫ్ట్ గంటకి సుమారు 500 మందిని మాత్రమే పైకి చేరుస్తుంది. పెద్ద రిసార్టుల్లో ఒక్క లిఫ్టే గంటకి రెండు మూడు వేలమందిని లాగేస్తుంటే, ఇదేంటి బాబూ అనిపిస్తుంది. మంచు బాగా పడిన శనివారం ముప్పావు గంట లైన్లో నిలబడాల్సి రావచ్చు. గాలి గట్టిగా వీస్తే ఆపేస్తారు. ఇది చిన్న ఇబ్బంది కాదు, మూడున్నర గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చినవాడికి ఒళ్లు మండుతుంది. కానీ దీనికి ఇంకో వైపు కూడా ఉంది, అది పైకి వెళ్లాకే తెలుస్తుంది: ట్రెయిల్ మీద జనం ఉండరు. లైన్లో అరగంట చూసిన మనుషులంతా ఎక్కడికి పోయారో తెలియదు, మీరూ, చెట్లూ, మంచూ. గంటకి 500 మందే ఎక్కితే గంటకి 500 మందే దిగుతారు మరి. మనుషులు తక్కువ కాబట్టి సహజంగా పడిన మంచు రెండు రోజుల తర్వాత కూడా మూలల్లో మిగిలే ఉంటుంది. పెద్ద కొండల మీద పొద్దున పదింటికల్లా గీకి గీకి ఐస్ తేల్చేస్తారు.

ట్రెయిల్స్ సంగతి. వీటిని మెషీన్‌తో చదును చేయడం తక్కువ, కొన్ని ట్రెయిల్స్ మాత్రమే చేస్తారు, మిగతావన్నీ కొండ ఎలా ఉంటే అలా, రాళ్లు, వేర్లు, ఎత్తుపల్లాలు, మలుపులు. ప్యారడైజ్ అనే దారిలో దిగాలంటే పైన గడ్డకట్టిన చిన్న జలపాతం దాటాలి. నేను దాని దాకా వెళ్లి, చూసి, పక్క దారిన వచ్చాను, అందులో నాకేమీ నామోషీ లేదు. కృత్రిమ మంచు తయారుచేసే ఏర్పాటు కొండ కింది భాగంలో కొద్దిగా ఉంది, పైభాగం అంతా ఆకాశం దయ. అందుకని మంచు పల్చగా ఉన్న రోజు కొత్త స్కీలు తీసుకెళ్లకండి, అడుగున గీతలు పడటం ఖాయం. లోకల్ జనం దీనికోసమే పాత స్కీలు విడిగా ఉంచుకుంటారు. మడమ వదులుగా ఉండే టెలిమార్క్ స్కీలు వేసుకుని మోకాలు వంచి దిగే పెద్దవాళ్లు ఇక్కడ కనిపించినంత ఇంకెక్కడా నాకు కనిపించలేదు. అరవై దాటినట్టున్న ఒకాయన చెట్ల మధ్య నుంచి అలా వచ్చి నా ముందు దాటిపోతే కాసేపు ఆగి చూస్తూ ఉండిపోయాను.

కొత్తవాళ్లకి, పిల్లలకి బర్డ్‌ల్యాండ్ అని విడిగా ఒక భాగం ఉంది, ట్రెయిల్స్‌కి బాతు, రాబిన్, లార్క్ అని పిట్టల పేర్లు. అక్కడ లిఫ్ట్ ఇద్దరు కూర్చునేది, కాబట్టి చిన్నపిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోవచ్చు. సింగిల్ ఛెయిర్‌లో ఆ వీలు లేదు, పిల్ల ముందు కుర్చీలో, మీరు వెనక కుర్చీలో, మధ్యలో మీ ప్రాణం గాల్లో. స్థానికుల పిల్లలు ఏడెనిమిదేళ్లకే అలా ఒంటరిగా ఎక్కేస్తుంటారు. మా పాప నేను ఎక్కను అంది, నేనూ బలవంతపెట్టలేదు. అసలు నేర్చుకోవడమే పని అయితే ఇక్కడికి వద్దు, వెర్మాంట్‌లోనే రిచ్‌మండ్ ఊళ్లో ఉన్న కాక్రన్స్ అనే చిన్న కొండకి వెళ్లండి, దాని సంగతి కింద చెప్తాను.

తిండి గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. బేస్‌బాక్స్ అనే లాడ్జ్‌లో సూప్, చిల్లీ, బర్గర్, ఫ్రైస్, కాఫీ, పైన స్టార్క్స్ పబ్. వెజిటేరియన్ అయితే సూప్‌తో సర్దుకోవాలి. కానీ ఇంటి నుంచి డబ్బా తెచ్చుకునేవాళ్లు చాలామంది, బల్లల కింద బ్యాగులు, గోడలకి హెల్మెట్లు, ఎవడి శాండ్‌విచ్ వాడు తింటుంటాడు. మేం పులిహోర, ఆవకాయ తీస్తే పక్క బల్ల ఆవిడ అదేంటని అడిగి, కొంచెం రుచి చూసి, నీళ్ల బాటిల్ కోసం వెతుక్కుంది. పెద్ద రిసార్ట్‌లో ఇలా కూర్చుంటే ఏదో తప్పు చేస్తున్నట్టు చూస్తారు, ఇక్కడ లేదు.

స్నోబోర్డ్ (రెండు కాళ్లూ ఒకే పలకకి బిగించి జారేది) ఉన్నవాళ్లు ఈ పేరా చదివి వెళ్లిపోండి. మ్యాడ్ రివర్‌లో స్నోబోర్డ్ నిషేధం. అమెరికా మొత్తంలో ఇలాంటివి ఇప్పుడు మూడే ఉన్నాయి, మిగతా రెండూ యూటాలో, ఆల్టా, డీర్ వ్యాలీ. న్యూ మెక్సికోలో టావోస్ కూడా ఉండేది, 2008లో ఎత్తేసింది. నాకైతే ఈ నిషేధం నచ్చదు. మంచు గీకేస్తారు, సింగిల్ ఛెయిర్ దిగేటప్పుడు ఇబ్బంది అని కారణాలు చెప్తారు, సగం నిజమే కావచ్చు, మిగతా సగం మాత్రం మా కొండ మా ఇష్టం అనే మొండితనం. ఈ నిషేధం మేనేజర్ తీసేయగలిగేది కాదు, వాటాదారుల్లో మూడింట రెండొంతుల మంది ఓటేస్తేనే పోతుంది. అంటే ఇప్పట్లో పోదు.

వాటాదారులు అన్నాను కదా, ఇక అసలు కథ.

ఈ కొండని మొదలుపెట్టింది రోలండ్ పాల్మెడో అనే న్యూయార్క్ బ్యాంకర్. అంతకుముందు దగ్గర్లోని స్టోవ్‌లో 1940లో వేసిన మొదటి ఛెయిర్‌లిఫ్ట్ వెనక కూడా ఆయనే ఉన్నాడు. స్టోవ్ రానురాను వ్యాపారం అయిపోతోందని చిరాకుపడి, వేరే కొండ వెతుక్కుని మ్యాడ్ రివర్ పెట్టాడు. స్కీ ఏరియా అంటే వ్యాపార స్థలమో ఎగ్జిబిషన్ గ్రౌండో కాదు, చలికాలంలో కలిసే ఒక సమాజం అనేది ఆయన ధోరణి. ఆయన వదిలిపోయిన స్టోవ్ సంగతి చూడండి: 2017లో వెయిల్ రిసార్ట్స్ అనే పెద్ద కంపెనీ దాన్ని 4 కోట్ల 10 లక్షల డాలర్లకి కొనేసింది. ఆయన భయం మరీ గాలి మాటేం కాదన్నమాట.

1972లో ప్రాట్ దంపతులు, ఇంకొందరు కలిసి మ్యాడ్ రివర్ కొన్నారు. మూడేళ్లకే భర్త చనిపోతే బెట్సీ ప్రాట్ ఒక్కతే రెండు దశాబ్దాలు నడిపింది. చాలా ఖచ్చితమైన మనిషి అని లోకల్ పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు, స్నోబోర్డ్ నిషేధం కూడా ఆవిడ కాలంలోదే. వయసు మీదపడి అమ్మాల్సి వచ్చినప్పుడు, బయటి కంపెనీకి ఇచ్చేస్తే కాండోలు (కట్టి అమ్మే ఫ్లాట్లు), హోటళ్లు వచ్చిపడి కొండ రూపం మారిపోతుందని, అక్కడ స్కీ చేసేవాళ్లకే ఇవ్వాలని పట్టుబట్టింది. అలా 1995 డిసెంబర్‌లో మ్యాడ్ రివర్ గ్లెన్ కో-ఆపరేటివ్ చేతికి వచ్చింది. షేర్ ధర అప్పుడు 1,500 డాలర్లు, ఒకేసారి కట్టలేనివాళ్లకి వాయిదాలు కూడా పెట్టారు. టీచర్లు, వడ్రంగులు, రిటైరైనవాళ్లు, బోస్టన్ లాయర్లు, అందరూ కొన్నారు. ఇప్పుడు 1,800 మందికి పైగా వాటాదారులు. వాళ్లు బోర్డుని ఎన్నుకుంటారు, బోర్డు మేనేజర్‌ని పెట్టుకుంటుంది, పెద్ద నిర్ణయాలు ఓటుకి వస్తాయి.

మనకి సహకార సంఘం అనగానే ఏం గుర్తొస్తుంది, మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ, ఎన్నికలు జరగని సొసైటీ, కలెక్టరేట్ నుంచి వచ్చిన పర్సన్ ఇన్‌ఛార్జ్. అందుకే మొదట నాకూ నమ్మకం కలగలేదు. కానీ మన దగ్గర కూడా ముల్కనూరు ఉంది కదా, 1956లో మొదలై ఇప్పటికీ రైతుల చేతిలోనే నడుస్తున్న సంఘం. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ పెత్తనం లేకుండా సభ్యులే నడుపుకోవడానికి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది కూడా సరిగ్గా 1995లోనే. ఎక్కడైనా సూత్రం ఒకటే, సభ్యుడి డబ్బు సభ్యుడికే కనిపిస్తూ ఉండాలి, లెక్క అడిగే హక్కు కూడా వాడికే ఉండాలి. మ్యాడ్ రివర్‌లో లెక్క అడిగేవాడు సోమవారం మీటింగ్‌లో అడుగుతాడు, శనివారం అదే మనిషి మీ వెనక కుర్చీలో వస్తుంటాడు.

వీళ్ల పద్ధతి ఎలాంటిదో తెలియాలంటే 2007 సంగతి చెప్పాలి. సింగిల్ ఛెయిర్ అరవై ఏళ్లకి దగ్గరపడి బాగా పాతబడింది. తీసేసి ఇద్దరు కూర్చునే కొత్త లిఫ్ట్ వేస్తే ఖర్చు తక్కువ, లైన్ కూడా సగమవుతుంది. ఏ కంపెనీ ఓనర్ అయినా కళ్లు మూసుకుని అదే చేసేవాడు. వీళ్లు కూర్చుని వాదించుకుని, ఓటేసి, ఎక్కువ ఖర్చయినా పాతదాన్నే విప్పి, బాగుచేసి, మళ్లీ నిలబెట్టారు. దాదాపు 17 లక్షల డాలర్లు, చాలావరకు విరాళాలే, రాష్ట్రంలో పాత కట్టడాలు కాపాడే సంస్థ కూడా చేయి కలిపింది. సెంటిమెంట్ కోసం ఇంత డబ్బా అని మా ఆవిడ అడిగింది. సెంటిమెంట్ ఉంది, కాదనను, కానీ లెక్క కూడా ఉంది. లిఫ్ట్ రెండింతలైతే ట్రెయిల్ మీద జనం రెండింతలు, జనం రెండింతలైతే సహజ మంచు మధ్యాహ్నానికి గల్లంతు, మంచు పోతే కృత్రిమ మంచు యంత్రాలు కావాలి, వాటికి చెరువు, పైపులు, కరెంటు, వాటికి అప్పు, అప్పు తీరాలంటే టికెట్ రేటు పెంచాలి, కాండోలు కట్టి అమ్మాలి. ఆ ఒక్క నెమ్మది లిఫ్ట్ ఈ గొలుసు మొత్తాన్ని మొదట్లోనే ఆపేస్తోంది. లైన్లో నిలబడి తిట్టుకున్నప్పుడు ఈ సంగతి గుర్తుంచుకుంటే కోపం పూర్తిగా పోదు గానీ కొంచెం తగ్గుతుంది. 2012లో ఈ కొండని జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో కూడా చేర్చారు.

ఇక పక్క కొండల సంగతి చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. కారులో పావుగంట దూరంలో షుగర్‌బుష్ ఉంది, చాలా మంచి కొండ, నాకూ ఇష్టమే. అది తొంభైల మధ్యలో అమెరికన్ స్కీయింగ్ కంపెనీ చేతికి వెళ్లింది, ఆ కంపెనీ అప్పుల్లో మునిగి 2001లో లోకల్ ఇన్వెస్టర్లకి అమ్మేసింది, వాళ్లు దాదాపు ఇరవై ఏళ్లు బాగానే నడిపి 2020లో ఆల్టెరా అనే ఇంకో పెద్ద కంపెనీకి ఇచ్చేశారు, చాలా కొండల్లో చెల్లే ఐకాన్ పాస్ వాళ్లదే. లోయ ఒక్కటే, కాలం ఒక్కటే, ఒక కొండ ఇన్ని చేతులు మారింది, రెండోది మారలేదు. ఇంకాస్త ఉత్తరంగా వెళ్తే జే పీక్. ఆ పేరు మన హెచ్1బీ వాట్సాప్ గ్రూపుల్లో ఈబీ-5 (పెట్టుబడి పెట్టి గ్రీన్ కార్డ్ తెచ్చుకునే వీసా) మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఎత్తుతారు, కారణం తెలిసిందే: గ్రీన్ కార్డ్ ఆశతో విదేశీయులు ఒక్కొక్కరు 5 లక్షల డాలర్ల చొప్పున పెట్టిన డబ్బు దారి మళ్లిందని 2016లో అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ కేసు పెట్టింది. డెబ్బైకి పైగా దేశాలవాళ్లు అందులో ఇరుక్కున్నారు. ఆ కొండ ఏళ్ల తరబడి కోర్టు పెట్టిన రిసీవర్ చేతిలో ఉండి, 2022లో 7 కోట్ల 60 లక్షల డాలర్లకి ఇంకో కంపెనీకి వెళ్లింది. స్కీ కొండ ఓనర్ ఎవరైతే మనకేంటి అనేవాళ్లకి ఈ ఒక్క కేసు చూపిస్తే చాలు.

అలాగని కంపెనీ అంటే చెడ్డ, సొంతం అంటే మంచి అని చెప్పడం నా ఉద్దేశం కాదు. వెయిల్ వాళ్ల కొండలన్నిటికీ కలిపి అమ్మే ఎపిక్ పాస్ లేకపోతే మాలాంటి కుటుంబాలు అసలు స్కీయింగ్ మొదలుపెట్టేవి కావేమో, సీజన్ ముందే కొంటే రోజు లెక్కన చవక పడుతుంది. సమస్యల్లా పాస్ లేకుండా వెళ్లేవాడికే, పశ్చిమాన పెద్ద రిసార్టుల్లో ఒక్కరోజు టికెట్ 300 డాలర్లు దాటేసింది. మ్యాడ్ రివర్‌లో ఒక్కరోజు టికెట్ దానికి చాలా తక్కువలో ఉంటుంది. ఇక్కడికి వచ్చి టికెట్టో సీజన్ పాసో కొన్నవాడే వాళ్లకి ఆధారం.

సొంత కొండలు నడిచే దారులు కూడా ఒక్కటే రకం కాదు. వెర్మాంట్‌లోనే చూడండి, బోల్టన్ వ్యాలీని మొదట పెట్టిన కుటుంబమే 2017లో మళ్లీ కొనుక్కుంది. కిల్లింగ్టన్ 2024లో కంపెనీ చేతి నుంచి అక్కడే స్కీ చేసే కొందరు డబ్బున్న పాస్‌హోల్డర్ల చేతికి వచ్చింది. ఆస్కట్నీ 2010లో మూతపడితే ఊరివాళ్లు కలిసి ఆ భూమిని ఊరి అడవిగా కాపాడుకుని, చిన్న లిఫ్ట్‌తో స్వచ్ఛంద సంస్థగా నడుపుకుంటున్నారు. పైన చెప్తానన్న కాక్రన్స్ కూడా లాభాపేక్ష లేని సంస్థే, 1961లో ఒక కుటుంబం ఇంటి వెనక వాలులో తాడు కట్టి మొదలుపెట్టిన చిన్న కొండ. ఆ ఇంటి అమ్మాయి బార్బరా ఆన్ కాక్రన్ 1972 సపోరో ఒలింపిక్స్‌లో స్లాలమ్ (జెండాల మధ్య మలుపులు తిరుగుతూ దిగే పోటీ) బంగారు పతకం తెచ్చింది, ఆవిడ కొడుకు రయన్ 2022 బీజింగ్‌లో వెండి. మీ పిల్లలకి మొదటి పాఠాలు అక్కడ చెప్పించండి, ఖర్చు తక్కువ, భయం తక్కువ.

ఇక షేర్ విషయం. మా బావ న్యూజెర్సీలో ఉంటాడు, ఇల్లు కొన్నా ఇయర్‌ఫోన్ కొన్నా రిటర్న్ ఎంత అని లెక్కేసే మనిషి. మ్యాడ్ రివర్ షేర్ గురించి చెప్పగానే ఫోన్‌లో మొదటి ప్రశ్న, "డివిడెండ్ ఎంతరా?" లేదు బావా అన్నాను. "పోనీ రేటు పెరిగాక అమ్ముకోవచ్చా?" స్టాక్ మార్కెట్ షేర్ కాదు బావా, అలా కుదరదు. "మరి ఏమొస్తుంది?" ఓటు వస్తుంది, సీజన్ పాస్ మీద తగ్గింపు వస్తుంది, పైగా ఏటా కొంత మొత్తం నువ్వే అక్కడ ఖర్చుపెట్టాలి. కాసేపు మౌనం. "అంటే డబ్బులిచ్చి ఖర్చు కొనుక్కోవడమా?" అన్నాడు. ఒక రకంగా అంతే. పెట్టుబడి అనుకుని కొంటే మీరు మోసపోయినట్టే ఫీలవుతారు, కాబట్టి అలా కొనకండి. ఏటా కనీసం కొన్ని వారాంతాలు అక్కడ గడిపేవాళ్లకి, పాస్ ఎలాగూ కొనేవాళ్లకి, తగ్గింపులో మెల్లగా సర్దుకుంటుంది. ఏడాదికోసారి ఫొటోల కోసం వెళ్లేవాళ్లకి అనవసరం, టికెట్ కొనుక్కోండి చాలు. షేర్ లేకపోయినా అక్కడ ఎవరూ మిమ్మల్ని తక్కువగా చూడరు, ఎవరికి షేర్ ఉందో లేదో మొహం మీద రాసి ఉండదు.

ముందు ముందు ఏమవుతుందనేది నాకున్న అసలు టెన్షన్. ఈ కొండని కొనడానికి బయటివాళ్లెవరూ రాలేరు, కొన్నా వాళ్లకి కలిసొచ్చేదేమీ లేదు, హోటల్ లేదు, అమ్ముకోవడానికి కాండో ప్లాట్లు లేవు. అటువైపు నుంచి భయం లేదు. భయం ఆకాశం నుంచి. 2015-16 చలికాలం న్యూ ఇంగ్లండ్ అంతటా మంచు లేక ఏడిపించింది, కృత్రిమ మంచు బలం ఉన్న కొండలు ఎలాగో గట్టెక్కాయి, సహజ మంచుని నమ్ముకున్న మ్యాడ్ రివర్‌కి గట్టి దెబ్బ తగిలింది. అలాంటి సీజన్లు వరసగా రెండు మూడు వస్తే ఏం చేస్తారు? కంపెనీకైతే పశ్చిమాన ఇంకో కొండ ఉంటుంది, ఆస్ట్రేలియాలో ఇంకోటి, ఒకచోట పోతే ఇంకోచోట రాబట్టుకుంటుంది. వీళ్లకి ఈ ఒక్క కొండే. అందుకని వాళ్లే ఈమధ్య కింది భాగంలో కృత్రిమ మంచు ఏర్పాటుని బాగుచేసుకున్నారు, సన్నీసైడ్ అనే రెండో లిఫ్ట్‌ని మరమ్మతు చేశారు, స్టార్క్ మౌంటెన్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ ద్వారా విరాళాలు సేకరిస్తున్నారు. దీనిమీద కూడా లోపల గొడవలున్నాయి, కృత్రిమ మంచు మొదలుపెడితే ఎక్కడ ఆగుతుందని పాతకాపులు, అసలు కొండ తెరుచుకోకపోతే ఇక కాపాడేది ఏముందని మిగతావాళ్లు. నేను రెండో పక్షం. లాడ్జ్ ముందున్న వాలు డిసెంబర్‌లో తెరుచుకుంటేనే కదా స్కీ స్కూల్ పిల్లలు వచ్చేది, ఆ పిల్లలు రాకపోతే ఇరవై ఏళ్ల తర్వాత ఓటేసేవాళ్లెవరు?

రెండో భయం సరిగ్గా అదే, వయసు. లాడ్జ్‌లో చుట్టూ చూడండి, తెల్ల జుట్టు ఎక్కువ. 1995లో నలభై ఏళ్లకి షేర్ కొన్నవాళ్లు ఇప్పుడు డెబ్బైల్లో ఉన్నారు. వాళ్ల పిల్లలు కొందరు వస్తున్నారు, కొందరు స్నోబోర్డ్ పట్టుకుని పక్క కొండకి పోతున్నారు. మాలాంటి మొహాలైతే రోజంతా వెతికినా ఒకటి రెండు. ఎవరూ మమ్మల్ని రావద్దని అనలేదు, నవ్వుతూనే పలకరిస్తారు, కానీ రమ్మని పిలిచే ప్రయత్నం కూడా పెద్దగా కనపడలేదు. వెబ్‌సైట్ నుంచి స్టిక్కర్ దాకా అంతా చేతనైతే రా అనే ధోరణిలోనే ఉంటే, ఇంకా చేతకానివాళ్లు ఎప్పటికి చేతనయ్యేది? పెద్ద కంపెనీల్లో మొదటిసారి వచ్చేవాళ్లకి పాఠం, రెంటల్, టికెట్ కలిపి చవగ్గా ఒకే ప్యాకేజీ ఇస్తారు, వీళ్లు కూడా బర్డ్‌ల్యాండ్‌ని చూపించి అలాంటిదాన్ని గట్టిగా ప్రచారం చేసుకోవాలని నా సలహా. కో-ఆపరేటివ్‌లో ఉన్న చిక్కే ఇది, ఉన్నవాళ్లకి నచ్చినట్టు నడుస్తుంది, ఇంకా రానివాళ్లకి ఓటు ఉండదు.

వెళ్లాలనుకునేవాళ్లకి కొన్ని పనికొచ్చే ముక్కలు. బోస్టన్ నుంచి ఐ-89 మీద మిడిల్‌సెక్స్ దగ్గర దిగి, 100బీ, 100 పట్టుకుని వెయిట్స్‌ఫీల్డ్ వచ్చి, అక్కడి నుంచి రూట్ 17. బర్లింగ్టన్ వైపు నుంచి వచ్చేవాళ్లని ఫోన్ మ్యాప్ ఒక్కోసారి అపలాచియన్ గ్యాప్ మీదుగా పంపిస్తుంది, మంచు పడుతుంటే ఆ ఘాట్ రోడ్డు వద్దు, వాటర్‌బరీ మీదుగా చుట్టు తిరిగి రండి. స్నో టైర్లు లేకుండా అసలు బయల్దేరకండి. శని, ఆదివారాలకంటే మంగళ, బుధవారాలు మేలు, సెలవు పెట్టినా గిట్టుబాటే. ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో మంచు లోతుగా ఉంటుంది, డిసెంబర్‌లో పైభాగం తెరిచారో లేదో పొద్దున్నే స్నో రిపోర్ట్ చదివి చూసుకోండి, ఉన్నదున్నట్టు రాస్తారు, రాళ్లు తేలాయంటే రాళ్లు తేలాయనే రాస్తారు. రాత్రి బస వెయిట్స్‌ఫీల్డ్‌లో చూసుకోవాలి, కొండ దగ్గర గదులు లేవు. సింగిల్ ఛెయిర్‌కి మెడ కప్పే బట్ట, మందపాటి గ్లవ్స్ తప్పనిసరి.

షేర్ నేనింకా కొనలేదు. మా పాప బర్డ్‌ల్యాండ్ దాటి సన్నీసైడ్ లిఫ్ట్ ఎక్కే స్థాయికి వస్తే అప్పుడు కొంటాను, దాని పేరు మీదే. బావకి మాత్రం చెప్పను.